పేరంటంలో మాస్కు

2009 శ్రావణమాసంలో స్వైన్ ఫ్లూ పేరు ద్రాక్షారామం దాకా వచ్చేసింది. ఏడో నెల గర్భంతో ఉన్న కోడలు లావణ్యని డాక్టరమ్మ గట్టిగానే హెచ్చరించింది. గర్భిణులకి ఆ జ్వరం సోకితే ప్రాణం మీదికి వస్తుందని, జనంలో కూర్చున్నప్పుడు మాస్కు తియ్యొద్దని చెప్పింది. మామగారు సత్యప్రసాద్ కోడలికే కాక, సీమంతానికి వచ్చేవాళ్ళకి కూడా సరిపడా మాస్కులు కొని తెచ్చాడు.

వాటిని చూసి భార్య దేవకుమారి నెత్తి కొట్టుకుంది.

"గుమ్మంలో గంధం రాసి పన్నీరు చల్లాల్సిన చోట ఇవి పంచుతారేంటండీ? రేపు మన గడప ఎవరైనా తొక్కుతారా?"

"రోగం పేరంటాళ్ళ మొహం చూసి ఆగుతుందా?"

"మీరెళ్ళి పూజ గదిలో కూర్చోండి. ఆడాళ్ళ సంగతి నేను చూసుకుంటాను."

ఆ మాటతో మాస్కుల పొట్లం బియ్యం డబ్బా మీదికి చేరింది. లావణ్య మాత్రం తనది పెట్టుకునే పీట మీద కూర్చుంది. గాజులు తొడుగుతున్నవాళ్ళు "దొంగలా ఆ ముసుగేంటే" అని నవ్వారు. ఆ పిల్లా కళ్ళతోనే నవ్వింది.

సత్యప్రసాద్ అక్క వీరవేణి ఆ పొద్దున్నే హైదరాబాదు నుంచి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి దగ్గుతూనే ఉంది. ఒళ్ళు వెచ్చగా ఉందని, రైల్లో ఏసీ పడలేదని తనే చెప్పింది. పసుపు గిన్నె పట్టుకుని ఆవిడ పీట వైపు నడుస్తుంటే, సత్యప్రసాద్ పొట్లంలోంచి ఒక మాస్కు తీసి ఎదురెళ్ళాడు.

"అక్కయ్యా, ఒక్క ఐదు నిమిషాలు ఇది కట్టుకో. లేదంటే దూరం నుంచే అక్షింతలు వేసెయ్యి. పిల్ల కడుపుతో ఉంది కదా."



"అంటే నేను రోగిష్టిదాన్నా తమ్ముడూ? పుట్టింటికొచ్చిన ఆడపడుచు మూతికి గుడ్డ కడతావా, నలుగురిలో?" వీరవేణి గిన్నె కింద పెట్టేసింది. "నా సంచీ తెచ్చివ్వు. మధ్యాహ్నం బస్సుంది."

దేవకుమారి ఆవిడ చేతులు పట్టుకుంది. "ఆయన మాటకేం గానీ వదినగారూ, ఆడపడుచు అలిగి వెళ్ళిపోతే పిల్లకి మంచిదా చెప్పండి."

పేరంటాళ్ళంతా సత్యప్రసాద్ వైపు చూశారు. ఆయన తప్పు చేసినవాడిలా నిలబడిపోయాడు.

చివరికి లావణ్యే లేచింది. మాస్కు తీసి నడుం దగ్గర దోపుకుని, వీరవేణి కాళ్ళకి దణ్ణం పెట్టింది.

"కోపం పెట్టుకోకండి పెద్దత్తయ్యగారూ. మీ చేత్తోనే రాయండి."

వీరవేణి కరిగిపోయింది. రెండు చెంపలకీ పసుపు రాసింది. రాస్తూ, మొహం పక్కకి తిప్పకుండానే దగ్గింది. వచ్చినవాళ్ళు కోడలి బుద్ధిని మెచ్చుకున్నారు.

వారం తిరక్కుండా లావణ్యని కాకినాడలో ఆస్పత్రిలో చేర్చారు. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

చూడ్డానికి వీరవేణి వచ్చింది. వార్డు గుమ్మంలో నర్సు ఒక మాస్కు చేతిలో పెట్టి, "ఇది లేకుండా లోపలికి పంపం" అంది. వీరవేణి మారు మాట్లాడకుండా పెట్టుకుంది. ముక్కు మీద సరిగ్గా కూర్చుందో లేదో నర్సునే అడిగింది కూడా.

బయటికి వచ్చాక తమ్ముడి భుజం పట్టుకుని ఏడ్చింది. "ఆ భీమేశ్వరుడు మనని చిన్నచూపు చూశాడురా."

స్వామికి దీపం పెట్టకుండా మెతుకు ముట్టని మనిషి సత్యప్రసాద్. మంచైనా చెడైనా అంతా ఆయన చిత్తమే అనేవాడు. ఆ పూట మాత్రం ఆ మాట నోటికి రాలేదు.

"ఆయన్నెందుకు అంటావు అక్కయ్యా" అని, భుజం మీది చెయ్యి మెల్లగా తీసేశాడు.