తల కొట్టని మానిక

జల్లెడలో మిగిలిన గులకరాళ్లను లస్మయ్య గుమ్మం అవతలికి విసిరి, కింద పడిన సన్న ఇసుకలో వేళ్లు జొనిపి చూశాడు. తడి లేదు. వాగు ఇసుకను మూడుసార్లు కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, జల్లించి రేకు డబ్బాకు ఎత్తడం అతని పొద్దుటి పని. మూడేళ్లుగా ఇదే పని. ఇసుక తడిగా ఉంటే బరువు మారిపోతుందని డాక్టరు అబ్రాహాము మొదటిరోజే చెప్పాడు. ఆ మాట లస్మయ్యకు అర్థమైంది. ధాన్యమూ అంతే కదా. మిగతా మాటలు మాత్రం ఇప్పటికీ సగమే అర్థమవుతాయి.

అది ఎల్లారెడ్డి అనే ఊరి చివర డాక్టరు కిరాయికి తీసుకున్న పెంకుటిల్లు. ముందు గదిలో రోగులను చూస్తాడు. వెనుక గదిలో ఎముకలను విరుస్తాడు. విరవడం అంటే చేత్తో కాదు. గోడకు ఇనుప కడ్డీతో బిగించిన ఒక టేకు దూలం ఉంది. గోడ దగ్గర, రెండు దిమ్మెల మీద ఎముకను పడుకోబెడతాడు. దూలం దాని నడుము మీద ఆనుతుంది. దూలం రెండో కొసకు ఖాళీ డబ్బా వేలాడుతుంది. అందులో ఇసుక పోస్తూ పోవాలి. అక్కడ ఒక మానిక పోస్తే ఇక్కడ ఎముక మీద పది మానికల బరువు పడుతుందట. ఎముక పక్కన ఒక చీపురుపుల్ల, దాని వెనుక గీతలు గీసిన కాగితం. బరువు పెరిగేకొద్దీ పుల్ల వెంట్రుకవాసి చొప్పున కదులుతుంది.

"ఎముక వంగుతుంది లస్మయ్యా," అన్నాడు డాక్టరు ఒకసారి. "ఇసుక తీసేస్తే మళ్లీ తిన్నగా అవుతుంది. కొంత దాటిందంటే మాత్రం ఇక తిరిగి రాదు."

ఎముక వంగడమేమిటో లస్మయ్యకు పాలుపోలేదు. విరిగాక గానీ బలం ఎంతో తెలియకపోతే, తెలిసి ఎవరికి మేలు? అడుగుదామనుకొని మూడేళ్లు గడిపాడు.

ఏభై దాటిన మనిషి. కామారెడ్డి గంజిలో, అంటే ధాన్యం బజారులో, ముప్పై ఏళ్లు ధాన్యం కొలిచాడు. వంగి నింపి, లేచి కుమ్మరించి, వంగి నింపి, నడుము ఒక పక్కకు ఒరిగింది. కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి దిగింది. మానిక అంచు ఒరుసుకొని బొటనవేలి పక్కన చింతగింజంత కాయ కాసింది. గంజిలో కాంటాలు వచ్చాక కొలిచేవాళ్లను పొమ్మన్నారు. లస్మయ్య తన కర్ర మానికను తువ్వాలలో కట్టుకొని, భార్య పుట్టిన ఊరైన ఎల్లారెడ్డికి వచ్చేశాడు. లెక్క తప్పకుండా కొలిచే మనిషి కావాలని డాక్టరు వెతుకుతుంటే ఊళ్లో వాళ్లు ఇతన్ని చూపించారు.

ఎముకలు డాక్టరు ఎక్కడెక్కడి నుంచో తెప్పిస్తాడు. దిక్కులేని శవాలవి, రైలు కింద పడినవాళ్లవి, చీము పట్టి తీసేసిన కాళ్లవి. అన్నీ మోకాలికీ మడమకూ నడుమ ఉండే పెద్ద ఎముకలే. మందునీళ్ల జాడీల్లో ఉంచుతాడు. ఇప్పటికి నూట మూడు విరిగాయి. నూట నాలుగోది కిటికీ కింది జాడీలో ఉంది.

అది లస్మయ్య భార్య సాలవ్వ కాలు.

నిరుటి వానల్లో కట్టెల కోసం అడవికి పోయినప్పుడు సాలవ్వ పాదంలో తుమ్మముల్లు దిగింది. పసరు కట్టింది. పది రోజులకు పిక్క దాకా నల్లబడింది. కాలు తీయకపోతే మనిషి దక్కదని డాక్టరే మోకాలి దాకా తీశాడు. తీసిన ఎముకను ఉంచుకోనా అని ఆమెనే అడిగాడు. "నాకేం పనికొస్తది, తీస్కో," అంది సాలవ్వ.

ఈ పొద్దున లస్మయ్య బయలుదేరుతుంటే ఆమె చంకకర్రను గోడకు ఆనించి, గడప మీద కూర్చొని జొన్నరొట్టె తుంచుతోంది.

"ఇయ్యాల నా కాలు వంతేనా?"

"అదే ఆఖరిది. సాబు ఇయ్యాలనే పోతుండు. లడాయికి పిలిచిండ్రట."

"మరి మంచిగ పొయ్యి ఇసుక. పెండ్లాం కాలే గదాని పిసినారితనం చెయ్యకు."

"నేను ఎవలకు తక్కువ పోసిన?"

"ఎన్ని మానికలు మోసిందో వచ్చి చెప్పాలె. నేనెంత మోసిన్నో నాకన్న దానికే ఎక్కువ తెలుసు."

లస్మయ్య నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

డాక్టరు పుస్తకాలు పెట్టెకెత్తి వెనుక గదిలోకి వచ్చాడు. సన్నటి మనిషి. సముద్రం దిక్కునుంచి వచ్చినవాడు, అక్కడి మాటే మాట్లాడతాడు. జాడీలోంచి ఎముక తీసి, గుడ్డతో తుడిచి, కాసేపు పట్టుకొని నిలబడ్డాడు.

"ఇది మీ ఆవిడది. నువ్వు పోస్తావా, నన్ను పోసుకోమంటావా?"

"నేనే పోస్త సాబు."

ఎముక దిమ్మెల మీద పడుకుంది. ఇంత సన్నగా ఉందేమిటి అనిపించింది లస్మయ్యకు. అడవి నుంచి కట్టెలమోపు ఎత్తుకొని వాగు దాటి వచ్చిన కాలు, పెండ్లినాడు పసుపు రాసిన కాలు, ఇంతేనా? డాక్టరు ఎప్పటిలాగే మోకాళ్ల మీద కూర్చొని, పుల్ల మీద కళ్లు, ఎముక దగ్గర చెవి పెట్టాడు. ఎముక విరిగే ముందు సన్నగా చప్పుడు చేస్తుంది. అది వినాలి. దూలం రెండో కొసన జరిగేదాన్ని అతను ఏనాడూ చూడడు.

లస్మయ్య మానిక నింపాడు. వెడల్పు మూతి మానిక. అంచు దాటి ఇసుక నున్నటి కుప్పగా లేచి, తల మీద శిగలా నిలిచింది. ఒక్క రవ్వ జారకుండా డబ్బాలో వంచాడు.

"లాభం," అన్నాడు. గంజిలో మొదటి మానికను ఒకటి అనరు. డాక్టరుకూ అది అలవాటే. ఒకటి అని రాసుకున్నాడు.

"రెండు... మూడు..."

పదమూడో మానికకు పుల్ల కాగితం మీది ఎర్రగీత దాటింది. పద్నాలుగుకు చిటుక్కుమంది. లస్మయ్య చేయి ఆగింది. డాక్టరు తల తిప్పకుండానే వేలు ఆడించాడు. పోస్తూ ఉండమని. శిగ పెట్టి పదిహేనోది వంచాడు. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. దూలం దిగబడింది.

"పదిహేను," అని రాసుకొని డాక్టరు నిట్టూర్చాడు. "విలాయతు పుస్తకాల ప్రకారం పద్దెనిమిది దాకా ఆగాలి. ఒక్కటీ ఆగలేదు లస్మయ్యా. ఇక్కడి వాళ్ల ఎముకలే బలహీనం. తిండి చాలదు కాబోలు. అదే రాస్తున్నాను, అచ్చవుతుంది."

బలహీనమా? లస్మయ్యకు గంజి హమాలీలు కళ్ల ముందు మెదిలారు. మనిషిని మించిన బరువుండే పల్లా బస్తా వీపున వేసుకొని మెట్లెక్కే హన్మంతు ఎముక బలహీనమా? పెద్ద చదువు చదివినవాడు చెబుతున్నాడు. ఎముకా అట్లాగే విరుగుతోంది. కానీ ఎక్కడో పొసగడం లేదు.

డాక్టరు చివరిసారి సరిచూసుకోవాలని, డబ్బాలోంచి ఒక మానిక ఇసుక నింపాడు. జేబులోంచి రూళ్లకర్ర తీసి అంచు మీదుగా ఒక్క రాపు రాసి తల కొట్టాడు. శిగ కాస్తా నేల మీద పడింది. మిగిలినదాన్ని చిన్న తక్కెడలో తూచి, పుస్తకంలో మొదటి పేజీ తిప్పి చూసుకున్నాడు.

"మొదటిరోజు మానిక బరువు ఎంతో ఇవాళా అంతే," అన్నాడు తృప్తిగా. రూళ్లకర్రను రుమాలుతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

లస్మయ్య నేల మీది ఇసుకను చూస్తూ ఉండిపోయాడు. మొదటిరోజు తూచినప్పుడు అతను వాగు దగ్గర ఉన్నాడు. "బువ్వకు పోయొస్త సాబు," అన్నాడు. మానికను కూడా వెంట తీసుకుపోయాడు.

సాలవ్వ వాకిట్లోనే అడిగింది. "ఎన్ని?"

"పదిహేను. పద్దెనిమిది ఆగాలెనట. మనోళ్ల బొక్కలు కంజోరట."

"నా కాలు కంజోరా?" ఆమె చంకకర్రను నేలకేసి కొట్టింది. "ముల్లు మీద తొక్కకపోతే ఇంకో ముప్పై ఏండ్లు మోస్తుండె! నువ్వు మంచిగ పోసినవా?"

"శిగ పెట్టి పోసిన. ఎవలకైనా గట్లనే పోస్త." ఒక్కక్షణం ఆగాడు. "సాబు మాత్రం తల కొట్టి తూకమేసిండు."

సాలవ్వ అతన్ని తేరిపార చూసింది. జొన్నల గంప ముందుకు లాగి, మానిక అందుకుంది. శిగ పెట్టి అయిదు మానికలు చేటలో పోసింది. ఆ జొన్నలనే మళ్లీ నింపి, అరచేత్తో తల కొట్టి గంపలో పోయసాగింది. అయిదయ్యాయి. చేటలో ఇంకా జొన్నలున్నాయి. నింపింది, తల కొట్టింది. ఆరు. చేట ఖాళీ అయింది.

"అయిదుకు ఆరు," అంది. "పదిహేనుకు?"

లస్మయ్య వేళ్లు మడిచాడు. విప్పాడు. మళ్లీ మడిచాడు. గంజిలో వందల మానికలు లెక్కపెట్టిన మనిషికి ఆ లెక్క తేలడానికి చాలాసేపు పట్టింది.

"పద్దెనిమిది."

"పో. పోయి చెప్పు."

"ఏమని చెప్పాలె? మూడేండ్ల పని. నా చేతుల పాడైందని చెప్పాల్నా? నిన్ను బతికించిన మనిషాయె."

"చెప్పకు. నా కాలు కంజోరని పుస్తకంల ఎక్కనియ్యి. నాదొక్కటే గాదు, నూట మూడు మంది కాళ్లు. వాళ్లు వచ్చి చెప్పుకోలేరు. నువ్వన్న చెప్పు."

కామారెడ్డి బస్సులో డాక్టరు పెట్టె పైన వేసి, లస్మయ్య వెనుక కూర్చున్నాడు. ఒళ్లో తువ్వాలలో చుట్టిన మానిక. రైలెక్కించి వస్తానంటే డాక్టరు సంతోషించాడు. ముందు సీట్లో అబ్రాహాము మెడ కనిపిస్తోంది. పుస్తకం మీద వంగి వంగి ఆ మెడా ఒక పక్కకు ఒరిగినట్టే ఉంది. చెబితే ఈ మనిషి ఏమవుతాడు? చెప్పకపోతే? ఏది తప్పో తేలేలోగా కామారెడ్డి వచ్చింది.

స్టేషనులో పొద్దు వాలుతోంది. నిప్పు అంటుకుంటే ఆర్పడానికి ఉంచిన ఎర్ర బకెట్లు గోడకు వరుసగా వేలాడుతున్నాయి. వాటి నిండా ఇసుక. దక్షిణం బండికి గంట కొట్టగానే లస్మయ్య లేచి ఒక బకెట్టును దించాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అన్నాడు డాక్టరు.

లస్మయ్య బల్ల మీద మానిక పెట్టి నింపాడు. శిగ నిలిచింది. నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"నేను పోసింది గిట్ల, సాబు."

డాక్టరు మానికను చూశాడు. లస్మయ్య ముఖం చూశాడు. జేబులోంచి రూళ్లకర్ర తీశాడు. దాన్ని మానిక అంచుకు పట్టి ఉంచాడు. అతని ముఖంలో రంగు మెల్లగా దిగిపోయింది.

"ఎన్నింటికి?"

"అన్నింటికి. నూట నాలుగింటికి."

"ఎందుకు?"

"అమ్మెతందుకైతే తల కొడ్తం సాబు. కూలోనికి పోస్తే, ఆకలైనోనికి పోస్తే కొట్టం. ఇవి మనుషుల బొక్కలాయె. బతికినన్నాళ్లు కడుపు నిండ తిన్నరో లేదో. వాళ్లకు తల కొట్టి ఎట్ల పోస్త?"

డాక్టరు రూళ్లకర్రను బల్ల మీద పెట్టాడు. తిట్టినా బాగుండేది. బండి వచ్చి ఆగింది. లస్మయ్యే పెట్టె ఎక్కించాడు. అబ్రాహాము నిద్రలో నడిచినట్టు నడిచి కిటికీ దగ్గర కూర్చున్నాడు. కూత వేశాక ఉలిక్కిపడి తల బయటపెట్టాడు.

"లస్మయ్యా! ఆ కుప్ప ప్రతిసారీ ఒకే ఎత్తా?"

"ముప్పై ఏండ్ల చెయ్యి సాబు!"

"ఒకే ఎత్తయితే లెక్క దిద్దుకోవచ్చు. ఒకే ఎత్తా, కాదా?"

"ఇంకోటి పోసి సూపియ్యాల్నా?" అని లస్మయ్య బల్ల వైపు తిరిగాడు. బండి కదిలింది. మళ్లీ చూసేసరికి డాక్టరు పుస్తకం విప్పి తల వంచుకొని రాస్తున్నాడు. రాస్తున్నాడో, కొట్టేస్తున్నాడో. దూరం నుంచి కలం కదలడం ఒక్కటే కనిపించింది. దగ్గరైనా లస్మయ్యకు చదువు రాదు.

మరుసటి ఏడు అబ్రాహాము బర్మా దిక్కున యుద్ధంలో చనిపోయాడని పోస్టులో మాట వచ్చింది. పుస్తకం ఏమైందో చెప్పేవాళ్లు లేరు. సాలవ్వ మాత్రం ఎవరడిగినా తన కాలు పద్దెనిమిది మోసిందనే చెప్పేది.

ఆ సాయంత్రం బండి పొగ కరిగేదాకా లస్మయ్య నిలబడ్డాడు. తర్వాత మానిక కోసం బల్ల దగ్గరికి వచ్చాడు. శిగ చెదరకుండా అట్లాగే ఉంది. పక్కన డాక్టరు మరిచిపోయిన రూళ్లకర్ర, అంచుకు ఒక్క ఇసుక రవ్వ అంటకుండా, పడి ఉంది.