అతిథి కంచం

“మడతపెట్టకు. ఊరికే కుక్కేయ్, చాలు” అన్నాడు మా ఆయన రోమన్, గది గుమ్మంలో నిలబడి.

అతని చేతిలో నల్లటి చెత్త సంచుల చుట్ట ఉంది. ఒక్కొక్కటే చింపి నా వైపు విసురుతున్నాడు. నేను మా అమ్మాయి లీడియా స్వెట్టరు మడతపెట్టి ఒక సంచి అడుగున పెట్టాను. మొండితనం కాదు, నా చేతులకు వేరే పద్ధతి రాదు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఉతికినది ఏదైనా మడతపెట్టకుండా ఎక్కడా పెట్టలేదు. ఇంట్లోంచి గెంటేస్తున్న పిల్ల బట్టలైనా సరే, చేతులు ముందు అంచులే కలుపుతాయి.

ఇదంతా ఒక కంచం దగ్గర మొదలైంది. ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక రోమన్ ఎప్పటిలాగే తిన్న కంచాన్ని ముందుకు తోసి లేచాడు. “నాన్నా, సింకు నీ వెనకాలే ఉంది. నీ కంచం నువ్వు పెట్టుకుంటే చేతులేం అరిగిపోవు” అంది లీడియా. నవ్వుతూనే అంది. తెల్లవారకముందే లేచి సూపర్ మార్కెట్ బేకరీలో రొట్టెలు కాల్చి వచ్చిన పిల్ల, తన కంచంతోపాటు నాదీ తీసుకుని లేచింది. రోమన్ నవ్వలేదు. నా ఇంట్లో నాకే నేర్పుతావా అన్నాడు. పందొమ్మిదేళ్లొచ్చాయి, చదువు మధ్యలో వదిలేసి వచ్చి కూర్చున్నావు, బుధవారంకల్లా ఇల్లు ఖాళీ చెయ్ అన్నాడు. అది నా తరఫున మాట్లాడిందని మా ముగ్గురికీ తెలుసు. నేనేం చేశాను? గొడవ పెరగకూడదని ఆ కంచం తీసుకెళ్లి సింకులో పెట్టాను. లీడియా నా వైపు చూసి కుళాయి తిప్పింది.

బుధవారం అది పనికి వెళ్లగానే రోమన్ వీధి తలుపు తాళం మార్చాడు. అందుకోసమే సెలవు పెట్టాడు. నా ఆపరేషనప్పుడు దొరకని సెలవు దీనికి దొరికింది. ఆ వంటింటి కుళాయి శీతాకాలం మొదట్నుంచీ కారుతూనే ఉంది, తాళం మాత్రం కాఫీ చల్లారేలోగా బిగిసింది. కొత్త తాళంచెవి నా అరచేతిలో పెట్టి, బహుమతి ఇచ్చినట్టు నా వేళ్లు తనే మూశాడు. మధ్యాహ్నం లీడియా వచ్చి, మంచులో నిలబడి పాత తాళంచెవిని అటూ ఇటూ తిప్పుతున్న చప్పుడు వంటింట్లోకి వినబడింది. నేను కదలబోతే రోమన్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. చివరికి పక్కింటి మిసెస్ క్రుపా తన తలుపు తెరిచింది. ఏమైందని అడగలేదు. సూపు వేడిగా ఉంది రమ్మని మాత్రం పిలిచింది. మా బఫెలో ఊరి చలిలో అంతకన్నా అడగవలసిందేమీ ఉండదు.

ఈ ఉదయం లీడియా ఫోన్ చేసింది. ఉచితంగా న్యాయసలహా ఇచ్చేవాళ్లతో మాట్లాడిందట. మన న్యూయార్క్ రాష్ట్రంలో ఒక ఇంట్లో నెలకు పైగా ఉంటున్న మనిషిని, కన్నవాళ్లయినా సరే, కోర్టుకు వెళ్లకుండా బయటికి నెట్టడానికి లేదట. తాళం మార్చడం నేరమట. ఇరవయ్యొకటి నిండేదాకా పోషించే బాధ్యత కూడా తల్లిదండ్రులదేనట. “పోలీసుల్ని పిలుస్తున్నానమ్మా. నిన్ను అడుగుతారు. నా వైపు మాట్లాడమనను. ఉన్నదున్నట్టు చెప్పు, చాలు.”

రోమన్ పక్కనుండి అంతా విన్నాడు. అప్పటినుంచీ నాకు పాఠం చెబుతున్నాడు. క్రిస్మస్‌కి అతిథిగా వచ్చింది, వెళ్లకుండా ఉండిపోయింది, ఇంకా నెల తిరగలేదు. ఇంతే అనాలట, సాగదీయకూడదట. అది వచ్చింది అక్టోబరులో కదా, వాకిట్లో ఆకులు ఊడుస్తుంటే రెండు పెట్టెలతో దిగింది కదా అన్నాను.

“నాకూ తెలుసు. పోలీసుకి తెలీదుగా” అన్నాడు. తర్వాత చేతిలోని సంచుల చుట్ట పైకెత్తి చూపించి నవ్వాడు. “నువ్వు ఇంకోలా చెప్పావనుకో, నీక్కూడా సంచులు మిగిలే ఉన్నాయి.”

అలాంటివి అన్నాక, జోక్ చేశాను రెనాటా అంటాడు. జోకో కాదో తేల్చుకునే పని నాకు వదిలేస్తాడు. మా అత్తగారు ఉన్నన్నాళ్లూ “ఇల్లు మావాడిది, వంటిల్లు నీది” అనేది. దాన్ని గౌరవమనుకుని మురిసిపోయాను కొన్నాళ్లు. ఆమె పోయాక ఇంటి కాగితాల మీద రోమన్ పేరు వచ్చింది. వంటింటికి కాగితాలుండవు.

అతిథి. మూడో సంచిలో లీడియా బేకరీ చొక్కాలు సర్దుతుంటే ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మా పోలండ్‌వాళ్ల ఇళ్లలో క్రిస్మస్ ముందు రాత్రి విందుకి ఒక కంచం ఎక్కువ వేస్తాం. దారినపోయే వాళ్లెవరైనా తలుపు తట్టితే, వాళ్లకి. నేను వచ్చాక ఎవరూ తట్టలేదు. మొదటి ఏడు, మర్నాడు ఆ కంచాన్ని అలాగే బీరువాలో పెట్టబోతే అత్తగారు పట్టుకుంది. ఎవరూ తినలేదు కదా అత్తయ్యా అంటే, “దుమ్ము తింది. కడుగు” అంది. అప్పట్నుంచీ ఏటా రాని మనిషి ఎంగిలి కూడా నేనే కడుగుతున్నాను.

తలుపు తట్టిన చప్పుడైంది. రోమన్ సంచుల చుట్ట పట్టుకునే వెళ్లాడు, వెనకే నేను.

పోలీసు కుర్రవాడే. చొక్కా మీద పేరు చూస్తే నోవిట్స్కీ, మావాళ్లే. తడి నేల చూసి గడప బయటే ఆగి, బూట్లకు పట్టిన మంచు దులిపి, చాప మీద రెండుసార్లు రుద్దుకుని మరీ లోపలికి వచ్చాడు. ఆ నేల ఎవరో తుడిచి ఉంటారని తోచినవాడిలా ఉన్నాడు. అతని వెనకాల వాకిట్లో లీడియా, మిసెస్ క్రుపా కోటులో. ఆ కోటు దానికి మోకాళ్ల కిందకి వచ్చింది.

రోమన్ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఇంటి కాగితాలు తన పేరనే ఉన్నాయన్నాడు. పండగ విందుకి వచ్చిన అతిథి అన్నాడు. ఆ కుర్రవాడు ఓపిగ్గా విన్నాడు.

“ఇల్లు ఎవరిదని నేను అడగడం లేదు సార్. ఆ అమ్మాయి చూడటానికి వచ్చిందా, ఇక్కడే ఉంటోందా? నాకు అదొక్కటే తేలాలి. ఉంటోందంటే మాత్రం ఈ తాళం మీరు తీయాల్సిందే. పంపించాలనుకుంటే నోటీసు ఇచ్చి కోర్టుకు వెళ్లండి.”

“మా ఆవిణ్ణి అడగండి” అన్నాడు రోమన్. నా భుజం మీద చెయ్యి వేశాడు. సంచుల చుట్ట నా మెడకు తగులుతోంది.

నోవిట్స్కీ నా వైపు తిరిగాడు. “చెప్పండి మేడమ్.”

లీడియా నన్ను చూడటం లేదు. తన బూట్లను చూసుకుంటోంది. ఆదివారం నేను కంచం తీసిన చోటే అది నన్ను వదిలేసుకుందని అర్థమైంది.

“క్రిస్మస్ ముందు రాత్రి మీ ఇంట్లో అతిథికి కంచం వేస్తారా బాబూ?” అన్నాను.

“వేస్తామండీ. మా అమ్మమ్మ ఊరుకోదు.”

“మేమూ వేశాం. మర్నాడు దాని మీద దుమ్ము తప్ప ఇంకేం లేదు. మా అమ్మాయి తన కంచంలో, తన కుర్చీలో కూర్చుని తింది. అక్టోబరు నుంచీ అందులోనే తింటోంది. అన్నీ కడిగేది నేను. ఈ ఇంట్లో ఎవరుంటున్నారో నన్ను అడగాలి, కాగితాల్ని కాదు.”

“కంచాల గొడవేంటే ఇప్పుడు?” అన్నాడు రోమన్. భుజం మీద చెయ్యి బిగిసింది. నేను దాన్ని తీసి అతని పక్కన పెట్టాను, తిన్న కంచాన్ని పక్కకి జరిపినట్టు.

“లోపలికి రా లీడియా” అన్నాను. “బట్టలు మడతపెట్టే ఉన్నాయి.”