హరిత సదస్సుకు అద్దెకెళ్ళిన జనరేటర్

నేను ఒక డీజిల్ జనరేటర్‌ని. ముక్కు మూసుకోనక్కర్లేదు, ఇప్పుడు నాలోంచి పొగ రావడం లేదు. ఫ్యాక్టరీలో నన్ను తయారుచేసినవాళ్ళు ఎందుకో గానీ ఒంటికి ఆకుపచ్చ రంగు పూశారు. నాలో ఉన్న పచ్చదనమంతా ఆ రంగు మందమే. లోపలంతా ఇనుమూ, మసీ, బోలెడంత గర్వమూ.

ఆ గర్వం నాకు నరసరావుపేటలో ఒక సినిమాహాలు దగ్గర అంటుకుంది. కరెంటు పోగానే నన్ను తిప్పేవాళ్ళు, బొమ్మ మళ్ళీ పడేది, లోపల జనం ఈలలేసేవాళ్ళు. అవన్నీ నాకే అనుకుని ఇంకాస్త గట్టిగా గర్జించేవాణ్ణి. ఈలలు తెర మీది హీరోకని తెలిసేసరికి హాలే మూతపడింది. అక్కణ్ణించి ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాను. వాళ్ళు నాకన్నా పెద్దదాన్ని కొనుక్కుని, నన్ను సైదాకి అమ్మేశారు.

సైదా పెళ్ళిళ్ళకీ సభలకీ ట్యూబులైట్లు అద్దెకిచ్చే మనిషి. నన్ను రెండు చక్రాల బండి మీద బిగించి ఊరూరా తిప్పాడు. నా అద్దె మీదే వాళ్ళ ఇల్లు గడిచేది. ఊరేగింపుల్లో పెళ్ళికొడుకు ముందు, నేను వెనక. నేను లేకపోతే ఈ తాలూకాలో మూడుముళ్ళు చీకట్లోనే పడతాయని మనసులో మహా గొప్పలు పోయేవాణ్ణి. నా పక్కనే కూర్చుని సైదా రాత్రంతా దగ్గుతుంటే, మంచు పడక అనుకునేవాణ్ణి.

కొన్నాళ్ళకి ఊళ్ళో పర్యావరణ సభలు మొదలయ్యాయి. వాటికీ నేనే వెళ్ళాను. మొదటి సభలో నన్ను షామియానా పక్కనే నిలబెట్టారు. భూమి తల్లి గురించి మాట్లాడుతున్న పెద్దాయన మీదికి నా పొగ వెళ్ళిందని, మరుసటేడు వంటల వెనక్కి నెట్టారు. ఆ తర్వాత ఫోటోల్లో పడుతున్నానని గోడ అవతలి సందులోకి తోశారు. నన్ను దూరం జరిపినప్పుడల్లా సైదా కొత్త వైరు కొనుక్కోవాల్సి వచ్చేది.

"ఇంకొంచెం జరపమను. మనింటి కాడ పెట్టి, అన్నం తింటా నడుపుకుందువు" అంది సైదా భార్య కాశింబీ.

నేను మాత్రం అదంతా మర్యాదే అనుకున్నాను. పెద్దవాళ్ళకి విడిగా విడిది ఇస్తారు కదా.

ఇంతలో ఢిల్లీ నించి పెద్ద సదస్సు వచ్చింది. దేశం మొత్తానికీ వేసే కొత్త ప్రణాళికలో అడవికీ నీళ్ళకీ గాలికీ కూడా లెక్క కట్టాలనీ, అభివృద్ధి పేరుతో వాటిని తినేయకూడదనీ, జనంతో మాట్లాడి రాయడానికి అధికారులు దిగారు. ఫంక్షన్ హాలు నిండా ఏసీలు. మధ్యాహ్నం కరెంటు పోయింది. హాలు గోడ పక్క సందులో ఉన్న నేను ఒక్క ఊపున లేచాను.

లోపలి మాటలు బయటికి వినపడాలని గోడ మీద ఒక మైకు కట్టారు. కన్సల్టెంటు ఒకాయన చదువుతున్నాడు: "అద్దె డీజిల్ జనరేటర్లను దశలవారీగా తొలగించాలి. రానున్న ప్రణాళికలో వాటికి స్థానం లేదు."

ఆ మాటలు గరగరలాడకుండా స్పష్టంగా పలకాలని నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని మరీ తిరిగాను. నా ఉరిశిక్ష చదివిన మైక్‌కి కరెంటిచ్చింది నేనే. చప్పట్లు కూడా పడ్డాయి. పాత అలవాటు కదా, ఒక క్షణం సంతోషపడ్డాను కూడా.

నా పక్కన కూర్చున్న సైదా కూడా అది విన్నాడు. లేచి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని హాల్లోకి నడిచాడు. డీజిలు అయిపోవచ్చిందన్న సంగతి మరిచిపోయాడు.

కాసేపటికి మైకులో అతని గొంతే వినిపించింది.

"అమ్మా, బయట తిరిగే జనరేటర్ నాదే. తీసేస్తామన్నారు, తీసెయ్యండి. దాని పొగకి ముందు పోయేది నా ఊపిరే. అది తీసేశాక నేనేం చేసుకుని బతకాలో గూడా అందులో రాశారా, అది చెప్పండి చాలు."

ఆ మాట నాకు దెబ్బలా తగిలింది. మంచు వల్ల కాదన్నమాట ఆ దగ్గు. ఇన్నాళ్ళూ అన్నం పెడుతున్నానని విర్రవీగినవాణ్ణి, పెట్టిన చేత్తోనే ఊపిరి తీస్తున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

కన్సల్టెంటు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు మైకులో వినపడింది. సభ నడిపిస్తున్న హైమవతి గారనే అధికారిణి మాత్రం దాచలేదు. "రాయలేదండీ. మీలాంటివాళ్ళు మా తలపుకే రాలేదు. ఏం రాయాలో మీరే చెప్పండి" అంది.

 తనని ఎవరైనా అడుగుతారని సైదా అనుకోలేదు పాపం. "కాస్త ఆలోచించుకుని..." అని నసిగాడు. అన్నం క్యారేజీతో అప్పుడే వచ్చిన కాశింబీ, సందులో మనిషి లేకపోయేసరికి హాల్లోకి తొంగిచూసి, మొగుడు అలా నిలబడి ఉండడం చూసి తనూ లోపలికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే నాకు డీజిలు అయిపోయింది. రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయాను. లైట్లు, ఏసీలు, మైకు అన్నీ నాతోపాటే. ఇక సభ చెల్లాచెదురే, నా విలువ ఇప్పటికైనా తెలుస్తుంది అని ఎదురుచూశాను. అంత సిగ్గుపడ్డాక కూడా నా బుద్ధి అలాగే ఏడ్చింది.

సైదా పరుగున రాబోయాడట. "ఆగండి, ముందు మాట పూర్తి కానివ్వండి" అంది హైమవతి గారు. ఉక్కపోతకి ఎవరో కిటికీలన్నీ తెరిచారు. నా రొద లేకపోతే ఆ సందులోకి ఎంత వినపడుతుందో నాకు అప్పుడే తెలిసింది.

"ఆలోచించేదేముందయ్యా. పెళ్ళోళ్ళు మనల్ని పిలిచేది పొగ కోసమా? లైట్ల కోసం. ఎండతో ఛార్జింగయ్యే బ్యాటరీ బండ్లు వస్తన్నయ్యంటగా. అయ్యి ఏ కంపెనీవోళ్ళ చేతిలోనో పెట్టబాకండమ్మా. జనరేటర్ తెచ్చి అప్పజెప్పినోళ్ళకే ముందియ్యండి. పందిట్లో లైట్లు కట్టడం ఈయనకి కొత్తగా నేర్పక్కర్లేదు" అంది కాశింబీ.

 ఇన్నేళ్ళూ పెళ్ళిళ్ళకి నన్ను పిలుస్తున్నారనుకున్నాను. పిలిచింది సైదాని. నేను అతని బరువుని, అంతే.

లోపల వాళ్ళు కిటికీల వెలుగులో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎదురు ప్రశ్నలు వేశారు, బ్యాంకుల గురించి వాదించుకున్నారు. చివరికి హైమవతి గారు ఒక వాక్యం రాసి పైకి చదివింది: జనరేటర్ అప్పగించినవారికే మొదట బ్యాటరీ బండి. నేను కరెంటిచ్చిన సభలన్నింటిలోనూ పనికొచ్చిన మాట పుట్టింది ఈ ఒక్కదాంట్లోనే, అదీ నేను ఆగిపోయాక.

ఆ వాక్యం ఢిల్లీ వెళ్ళి, ఎన్ని టేబుళ్ళ మీద నిద్రపోయిందో, మూడేళ్ళు పట్టింది. ఈలోగా అద్దెలు పడిపోయాయి, కాశింబీ చెవుల కమ్మలు తాకట్టుకి పోయాయి. అయినా బండి వచ్చింది. సైదా నన్ను ఇక్కడ, రోడ్డు పక్క పాత ఇనుము గోడౌన్‌లో అప్పగించి రసీదు తీసుకున్నాడు. వెళ్ళేముందు నా మూత మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. నాలో కారడానికి చుక్క నూనె కూడా మిగల్లేదు.

నిన్న సాయంత్రం ఈ రోడ్డు మీదుగా ఒక పెళ్ళి ఊరేగింపు వెళ్ళింది. లైట్లు దేదీప్యమానంగా ఉన్నాయి. వెనక సైదా బ్యాటరీ బండి చప్పుడు లేకుండా దొర్లుతోంది. పక్కన కాశింబీ. ఇన్నేళ్ళూ ఆమెది పెద్ద నోరనీ, వాళ్ళిద్దరికీ క్షణం పడదనీ అనుకున్నాను. ఒకరి మాట ఒకరికి వినపడాలంటే నా పక్కన అరవక చస్తారా. నిన్న ఆమె సైదా భుజం దగ్గరికి వంగి ఏదో అంది, అతను నవ్వాడు. ఏమందో నాకు వినిపించలేదు.