అక్క అడుగుల తడి

సరోజిని ఆంటీ రాసిచ్చిన రెండు కాగితాల్లో కెరెన్ అక్కకి ఇచ్చింది ఒకటే. రెండోది మడిచి తన పుస్తకాల అడుగున దాచేసింది. మూడేళ్లుగా ఈ సంగతి ఆమె నోటి వెంట రాలేదు, చర్చిలో కళ్లు మూసుకున్నప్పుడు కూడా.

మయూర్ విహార్‌లో వాళ్లది చిన్న ఫ్లాటు. అమ్మ రెబ్కా, అక్క షాలోమ్ ఇద్దరూ నర్సులే. డిగ్రీ మధ్యలో వదిలేసిన కెరెన్ మాత్రం బేర్ సరాయ్‌లో పాత పుస్తకాలు కొనుక్కొచ్చి ఏది దొరికితే అది నేర్చుకునేది. షాలోమ్‌వి వంపు లేని పాదాలు. ఒకరోజు స్నానం చేసొచ్చి హాల్లో నిలబడితే గచ్చు మీద రొట్టెల్లాంటి రెండు నిండు ముద్రలు పడ్డాయి. ఆ తడి మళ్లీ ఆరలేదు. రెబ్కా వాటి చుట్టూ తుడిచేది. ప్రార్థన కూటానికొచ్చినవాళ్లు వాటిని వదిలేసి చాప పరుచుకునేవాళ్లు.

షాలోమ్‌కి మిలిటరీ నర్సింగ్‌లో చేరాలని ఆశ. డ్యూటీ దిగేసరికి మాత్రం అరికాళ్లు మండిపోయేవి. కంటోన్మెంటులో ఫిజియోథెరపీ చేసే సరోజిని ఆంటీ చూసి, డ్యూటీ బూట్లలో వంపు ఉండాల్సిన చోట ఎత్తుగా మెత్తలు పెట్టుకోమని ఒక కాగితం రాసింది. అవి ఆసరాకేనని, ఇంట్లో వట్టికాళ్లతో నిలబడి, వేళ్లు ముడవకుండా పాదం మధ్యని పైకి లాగిపట్టమని, లేకపోతే లోపలి చిన్న కండరాలు పని మర్చిపోతాయని రెండోది. తర్వాత రెండూ కెరెన్ చేతికిచ్చి పంపింది.

మెత్తలు కెరెనే కోసి కుట్టింది. మూడు రోజులకి మంట తగ్గింది. "డాక్టరమ్మా, ఫీజెంత?" అని నవ్వింది షాలోమ్. కెరెన్‌ని అంతకుముందు ఎవరూ అలా పిలవలేదు. రెండో కాగితం ఇస్తే ఆ పిలుపు పోతుందనిపించింది. ఆ ఊపులో ఇంటి చెప్పులకీ మెత్తలు కుట్టేసింది. రెండో కాగితం గుర్తొచ్చి మనసు పీకినప్పుడల్లా, అమ్మ ఎప్పుడూ అనే మాట అడ్డం పెట్టుకునేది: "పన్నెండు గంటలు నిలబడొచ్చిన కాళ్లకి ఇంట్లో కూడా డ్యూటీ వెయ్యాలా?"

మిలిటరీవాళ్ల మెడికల్ పరీక్షలో మునివేళ్ల మీద నిలబడమన్నారు. పది లెక్కపెట్టేలోపే షాలోమ్ మడమలు దిగిపోయాయి. పుట్టుకతో వచ్చిన కాళ్లని తిట్టుకుంటూ ఫరీదాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరి, అక్కడే హాస్టల్లో ఉండిపోయింది. ముద్రలు మాత్రం హాల్లోనే ఉన్నాయి.

ఈ వేసవిలో కెరెన్ ఆ కాగితం పైకి తీసింది. రోజూ పొద్దున్నే అక్క ముద్రల్లో తన పాదాలు పెట్టి, అందులో రాసినట్టే లాగిపట్టింది. మొదట్లో పిక్కలు పట్టేసేవి. మూడో నెలకి ముద్రల లోపలి అంచున గచ్చు ఆరడం మొదలైంది. రెబ్కా చూసి, ఆరినంత మేరా తుడిచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నిన్న రెబ్కా ఫరీదాబాద్ వెళ్లొచ్చింది. మెత్తలు రాళ్లలా గుచ్చుకుంటుంటే షాలోమ్ తీసి పారేసిందట. వార్డులో పై అర సీసాలు స్టూలు లేకుండా మునివేళ్ల మీద లేచి అందుకుంటోందట.

"మరి మిలిటరీకి మళ్లీ అప్లై చేస్తదా? శుక్రవారమే ఆఖరు. వచ్చే ఏటికి వయసు దాటిపోద్ది," అంది కెరెన్.

"నా కాళ్ల రాత ఇంతేనమ్మా, మళ్లీ పోయి నవ్వులపాలవనా అంటంది. నేనేం చెప్పను? చిన్నప్పట్నుంచీ అంతేగా."

అంతే కాదని ఆ ఇంట్లో తెలిసింది ఒక్కరికే. ఇవాళ షాలోమ్ డ్యూటీ రెండింటికి దిగుతుంది. ఫారం మాట ముందు ఎత్తితే కాగితం మాట మళ్లీ గొంతులోనే ఆగిపోతుంది. అందుకే కాగితం మాటే ముందు చెప్పాలి. అక్క తిడితే వినాలి. ఫోన్ పెట్టేస్తే మళ్లీ చెయ్యాలి. రెండుంబావుకి ఫోన్ చేద్దామని నిశ్చయించుకుంది కెరెన్.