బాబూరావు వేసిన కుర్చీ

బాబూరావు నన్ను కాంట్రాక్టర్‌ను చేశాడు. ఆయన మీద నా ఫిర్యాదు అదే.

చండ్రుగొండ దాటాక వాగు మీద సర్కారు వంతెన కాంట్రాక్టు ఆయన పట్టాడు. ఇరవై ఏళ్లుగా నేను ఆయన దగ్గర మేస్త్రీని. పని మొదలైన రోజు షెడ్డులోకి పిలిచి, ఎన్నడూ లేనిది నాకు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు. "సవరయ్యా, ఎన్నాళ్లు మేస్త్రీగనే ఉంటవు? ఇయ్యాల్టి సంది నువ్వు సబ్ కాంట్రాక్టర్‌వి" అని స్టాంపు కాగితాలు ముందర పెట్టాడు. అంతా ఇంగ్లీషు. నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. ఆ కుర్చీలో కూర్చుని చదవడం రాదని చెప్పడానికి సిగ్గేసింది. తొమ్మిది చోట్ల సంతకం పెట్టాను.

ఆగస్టులో పైన అడవిలో రెండు రోజులు వాన పడింది. వాగు రంగు మారింది. స్లాబు పోయడానికి కట్టిన సెంట్రింగ్ కింద ఇనుప గుంజలు నీళ్లలో ఉన్నాయి. మనుషులను దించలేనని ఫోన్ చేశాను. "లేటయితే జరిమానా నువ్వు కడతవా?" అన్నాడు బాబూరావు. దించాను. ఆ మాట దాచుకోను, దించింది నేనే. మధ్యాహ్నానికి గుంజలు కదిలి సెంట్రింగ్ కూలింది. అందరూ బయటపడ్డారు గాని మా కూలీ సోమ్లా కాలు కింద ఇరుక్కుపోయింది. ఖమ్మం దవాఖానాలో మోకాలి కింద తీసేశారు.

కూలీలు దవాఖానా ఖర్చు కోసం బాబూరావు దగ్గరికి పోతే ఆయన కాగితం చూపించాడట. "మీరు నా కూలీలు కారు. సవరయ్య కూలీలు. పోయి ఆయన్ని అడుగుండ్రి."

అడగడానికి వచ్చారు. ఇరవై ఐదు మంది నేలకొండపల్లిలో నా ఇంటి ముందు కూర్చున్నారు. ముందు సోమ్లా భార్య ద్వాలి. ఆమె కూడా మాతో ఇసుక మోసిన మనిషే. లోపలికి పోయి తలుపేసుకోవాలనిపించింది నాకు.

"కాంట్రాక్టర్ సాబ్ బయటికొచ్చిండు" అన్నాడు కూలీల్లోంచి ముత్యాలు.

"నేను గూడ కూలోణ్ణే కద ముత్యాలూ."

"కూలోనికి కుర్చీ ఎవడేస్తడే?"

ద్వాలి చెయ్యెత్తింది. "తిట్లు తర్వాత. మా ఆయన కాలు తిన్న కాయితంల ఏమున్నదో ముందుగాల సదివియ్యి."

మా అన్న కూతురు గ్రేస్ ఖమ్మంలో డిగ్రీ చదువుతోంది. అరుగు మీద నిలబడి ఒక్కో షరతూ తెలుగులో చెప్పింది. "వరదొస్తే నష్టం బాబాయ్‌ది. పని లేటయితే జరిమానా బాబాయ్‌ది. మనిషికి దెబ్బ తగిలితే దవాఖానా ఖర్చు బాబాయ్‌ది."

"మరి బాబూరావుది ఏంది?"

"బిల్లు."

కొందరు నవ్వారు. ముత్యాలు నవ్వలేదు.

తర్వాత గ్రేస్ సెల్లులో సర్కారు టెండరు కాగితం తీసింది. వరదొస్తే బాబూరావుకు గడువు పెంచుతారట, జరిమానా ఉండదట. కూలీల బీమా ఆయనే కట్టాలట. అదే వాగు, అదే వరద. పై కాగితం ఆయనకు గొడుగు పట్టింది, కింది కాగితం మమ్మల్ని ముంచింది.

"అంటే మనం వేరే ఇంటి ముందర కూసున్నం" అంటూ ద్వాలి లేచింది. "నడువుండ్రి. మేస్త్రీ, నువ్వు గూడ. నీ తప్పు సంగతి నీతోటి తర్వాత మాట్లాడత."

మర్నాడు వాగు దగ్గరికి పోయేసరికి షెడ్డు బయట కొత్త కూలీల ముఠా ఉంది. లోపల వాళ్ల మేస్త్రీ మంగీలాల్. అతని ముందు అదే కుర్చీ, స్టాంపు కాగితాలు, చేతిలో చాయ్. ఎదురుగా బాబూరావు.

"ఆ కుర్చీల కూసోకు తమ్మీ" అన్నది ద్వాలి. "దాని కిరాయి మా ఆయన కాలు."

మాతో వచ్చిన గ్రేస్ అతనికీ చదివి వినిపించింది. మంగీలాల్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "సార్, వరద నీ పేరు మీద రాయి. మనిషి పానం నీ పేరు మీద రాయి. అప్పుడు పని చేస్తం."

"గట్ల ఎవడన్న రాస్తడారా?" అన్నాడు బాబూరావు.

"మరి మమ్మల్నెందుకు రాయమంటివి?"

పని సాగనివ్వకుండా రెండు ముఠాలూ ఇనుప కడ్డీల కుప్ప మీద కూర్చున్నాయి. సాయంత్రం పోలీసు జీపు వచ్చి ద్వాలినీ మంగీలాల్‌నూ నన్నూ ఎక్కించుకుంది. ఇక సైటు దగ్గరికి పోబోమని రాసిన కాగితం స్టేషన్‌లో ముందర పెట్టి సంతకం చేయమన్నారు.

"నాకు సదువు రాదు సార్" అన్నాను. ఈసారి సిగ్గనిపించలేదు. "మా వాళ్లందరి ముందర సదివినంక సూస్తం."

ముగ్గురిలో ఎవరమూ పెట్టలేదు. మమ్మల్ని తెల్లారి వదిలారు. మేమొచ్చేదాకా కుప్ప మీది నుంచి ఒక్కరూ లేవలేదు.

పని ఆగి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. బాబూరావు రాయలేదు, మేము లేవలేదు. అలసిపోయాం, అది నిజం. నా తప్పు సంగతి ద్వాలి మాట్లాడింది. నీళ్లలోకి దించింది నేనే కాబట్టి దవాఖానాకు నేనే కట్టాను. దానికోసం మా అయ్య కొన్న చెలక భూమి అమ్మాను. బాబూరావు పేరు మీద బాకీగా రాయించాల్సిన వాటిలో ఇప్పుడు అదీ ఉంది: ఎకరం పద్నాలుగు గుంటలు.