పచ్చ రూలు పైకెక్కినాక

మా దవాఖానలో గర్భిణుల ఎక్సెల్ షీటుకు రంగులు పెట్టింది నేనే. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

రూళ్లు రెండే. రక్తం ఏడు గ్రాముల కన్నా తక్కువుంటే ఆ వరస ఎరుపు. ఈ నెల పరీక్షకు వచ్చిపోతే పచ్చ. ఒకే మనిషికి రెండూ వర్తిస్తే పైనున్న రూలే చెల్లుతుంది. అందుకే ఎరుపును పైన పెట్టాను. ఆ ఎర్ర పేర్లు చూసుకునే మా ఆశా కార్యకర్త సైదమ్మ ఇళ్లకు పోయి, వాళ్లను నల్లగొండ పెద్ద దవాఖానకు తీసుకపోయేది.

జిల్లా మీటింగు ముందురోజు మా ఆఫీసరు గురవయ్య సారు తెర మీదికి వంగాడు.

"గింత ఎరుపేందమ్మా దీప్తీ? మీటింగుల ఇజ్జత్ పోతది. జర పచ్చగ చెయ్యి."

అంకెలు మార్చమనలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పచ్చ రూలును ఒక్క మెట్టు పైకి జరిపాను, అంతే. షీటంతా నారుమడిలా అయింది. పైన పటారం, లోన లొటారం. మీటింగు కాగానే దించుదామనుకుని మరిచాను. నిజం చెప్పాలంటే ఆ పచ్చదనం నాకూ హాయిగానే ఉండింది.

నాలుగో రోజు, ముందురోజే పరీక్షకు రక్తమిచ్చిపోయిన త్రివేణి మళ్లీ వచ్చింది, అత్త సోమమ్మను వెంటబెట్టుకుని. ఏడో నెల. వాళ్ల గొర్లమంద మేతకు కృష్ణ ఒడ్డుకు పోతోంది. మొగుడు పరమేష్ ముందే బయల్దేరాడు.

"మందెంట పోవచ్చా అక్కా? అప్పుడప్పుడు కండ్లు తిరుగుతున్నయి."

పేరు కొట్టి చూశాను. అంకె కనబడాలంటే షీటు పక్కకు జరపాలి. జరపలేదు.

"పచ్చగనే ఉన్నవ్. ఏం ఫికర్ లేదు, పో."

రెండు వారాలకు సైదమ్మ వచ్చి నా ముందు కూచుంది. "మీటింగైనప్పటి సంది ఒక్క ఎర్ర పేరు గూడ ఇయ్యలేదేంది? మన ఊర్ల ఆడోళ్లకు గింత రక్తం యాడికెళ్లి వచ్చింది?"

పచ్చ రూలును కిందికి లాగాను. పదకొండు వరసలు ఎర్రబడ్డాయి. త్రివేణికి ఐదు పాయింట్ ఎనిమిది.

సైదమ్మ మిగతా పదిమంది ఇళ్లకు ఉరికింది. పరమేష్ ఫోను బందు. సోమమ్మ నంబరే తిప్పి తిప్పి కొట్టాను. మధ్యాహ్నం మూడింటికి ఎత్తింది. వెనక గొర్లు అరుస్తున్నాయి.

"పొద్దుగాల్నుంచి లేస్తలేదు బిడ్డా. కాళ్లు చేతులు సల్లగైనయి. నిన్ననే దవాఖానకు తోలుకపోతమంటే వద్దన్నది. దీప్తక్క పచ్చగున్నవన్నదని మాకే ధైర్యం చెప్పింది."

"బండి పంపుత సోమమ్మా! ఏ ఊరి దగ్గరున్నరు?"

"ఊరేం లేదు బిడ్డా. ఒడ్డే."