మాట ముందు, బొమ్మ వెనక

మలయాళం, తమిళ సినిమాలకు తెలుగు మాటలు రాయడం నాగేశ్వరికి ఇరవై ఏళ్ళు పైబడిన పని. తెర మీద మనిషి నోరు ఎప్పుడు తెరుచుకుంటుందో, పెదవులు ఎక్కడ కలుసుకుంటాయో చూసి, సరిగ్గా అక్కడ పకారమో బకారమో మకారమో పడేలా తెలుగు మాట వెతకాలి. అర్థం చెడకూడదు, నిడివి మించకూడదు. ఫిల్మ్‌నగర్‌లో సినిమాలో ఒక్కో భాగానికి, అంటే ఒక్కో రీలుకు, ఆమె రాసిన మాటలు చేతికొస్తే డబ్బింగ్ చెప్పేవాళ్ళు నిశ్చింతగా ఉండేవాళ్ళు. మైకు ముందు నిలబడి చదివితే చాలు, తెర మీది నోటికి అతికినట్టు సరిపోయేది.

అలాంటిది, ఆ మధ్యాహ్నం డబ్బింగ్ థియేటర్లో ఒకే వాక్యాన్ని ఎన్నిసార్లు చెప్పించినా కుదరలేదు. తెర మీద తండ్రి పాత్ర నోరు మూసుకుని పక్కకు తిరిగిపోయాక కూడా తెలుగు మాట ఇంకా కాస్త మిగిలే ఉంది.

డబ్బింగ్ డైరెక్టర్ అరవింద్ కుర్చీలోంచి వెనక్కి తిరిగాడు.

"ఇక్కడ రెండు ముక్కలు తగ్గించుకుందామా మేడమ్?"

"ఇంట్లో సరిపోయింది అరవింద్ గారూ. నాలుగైదుసార్లు చూసుకునే పంపాను."

"సరిపోయే ఉంటుందండీ. ఈమధ్య మీకూ పని ఎక్కువైంది కదా," అన్నాడతను మెత్తగా.

విసుక్కుని ఉంటే ఆమె పట్టించుకునేది కాదు. ఆ మెత్తదనమే గుచ్చుకుంది. పోయిన నెల నుంచీ ఇదే వరస. ఆమె ఇచ్చిన రీళ్ళన్నీ మైకు దగ్గర మళ్ళీ కత్తిరించుకోవలసి వస్తోంది. ఒకప్పుడు రోజుకు రెండు రీళ్ళు రాసే మనిషికి ఇప్పుడు ఒకటి పూర్తి కావడం గగనమైపోతోంది. ఒక అక్షరం కొట్టి అది తెర మీదికి వచ్చేదాకా ఎదురుచూసేలోగా మనసులో తయారైన వాక్యం చెదిరిపోతోంది. మళ్ళీ మొదటికి రావడం, మళ్ళీ చెదరడం.

కంప్యూటర్ నెమ్మదించిందని ఆమెకు తెలుసు. కానీ తప్పు దానిదొక్కదానిదే అని నమ్మడానికి ధైర్యం చాలలేదు. ఆమె తల్లి చివరి రోజుల్లో చేతిలో గరిటె పట్టుకుని, దాని పేరు గుర్తురాక దిక్కులు చూసేది. మొదలు మాత్రం ఇలాగే, ఒక మాట ఆలస్యంగా రావడంతోనే. నాగేశ్వరి ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. భర్తతో కూడా.

టీ విరామంలో ఆమె అరవింద్ దగ్గరికి వెళ్ళి, మిగిలిన రీళ్ళు ఇంకెవరి చేతనైనా రాయించుకోమంది. గొంతు మామూలుగానే ఉంచాలని చూసింది. అతను చేతిలోని కప్పు పక్కన పెట్టాడు.

సౌండ్ ఇంజినీరు స్ఫూర్తి అక్కడే ఉంది. బోరబండ అమ్మాయి, ఆ థియేటర్లో నాలుగేళ్ళుగా చేస్తోంది. ఆమె ఇందాకటి నుంచీ ఏదో ఆలోచిస్తోంది.

"ఒక్క మాట మేడం. సీను షురూలో మీరు రాసినయన్నీ కరెక్టుగ కూసుంటున్నయి. సీను నడుస్తా ఉంటే గాడి తప్పుతున్నది. ప్రతి సీనుల గిట్లనే ఐతుంది. రాసుడు రానోళ్ళయితే మొదట్లనే తప్పుతరు గదా?" అంది. "మీరు ఇంట్ల దేంట్ల చూస్తరు?"

"నా పాత కంప్యూటర్లోనేనమ్మా."

"రేపు నాకు పొద్దున పని లేదు. వచ్చి జర చూసిపోత. అప్పటిదాక రీళ్ళు ఎవ్వరికీ ఇయ్యకుండ్రి సార్."

మర్నాడు స్ఫూర్తి వచ్చేసరికి కంప్యూటర్ ఆన్ చేసే ఉంది. నాగేశ్వరి భర్త సూర్యప్రకాశరావు బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. ఈమధ్య రోజూ పొద్దున లేచీ లేవగానే, ఇంకా పాలు కూడా కాగబెట్టకముందే, వెళ్ళి కంప్యూటర్ మీట నొక్కుతున్నాడు. భార్య స్నానం చేసి వచ్చేసరికి అది తెరుచుకుని ఉండాలని ఆయన ఆరాటం.

స్ఫూర్తి వీడియో పెట్టించింది. తెర మీద కూతురు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునే సీను. మొదట అంతా బాగానే ఉంది. ఇద్దరూ వాదించుకున్నారు. దభీమని తలుపు శబ్దం వినిపించింది. ఆ తర్వాత, తాపీగా, తెర మీద తలుపు మూసుకుంది.

"చూసిండ్రా?" అంది స్ఫూర్తి.

నాగేశ్వరి ముందుకు వంగింది. "మళ్ళీ వెయ్యి."

మళ్ళీ అదే. శబ్దం ముందు, తలుపు వెనక. స్ఫూర్తి అదే సీనును తన ఫోన్లో పెట్టి చూపించింది. తలుపూ చప్పుడూ ఒక్కటిగా పడ్డాయి.

"సిస్టం అందుకుంటలేదు మేడం. సౌండ్ ఆగకుండ పోతది, బొమ్మ ఎన్కబడుతది. నోరు సాగినట్టు కనిపిస్తది. మీరు ఆ సాగిన నోటికి మాట రాసిండ్రు, మంచిగనే రాసిండ్రు. గది థియేటర్ల ఎట్ల కలుస్తది?"

నాగేశ్వరి కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. కొద్దికొద్దిగా వెనకబడిన బొమ్మకు ఆమె కళ్ళు కూడా కొద్దికొద్దిగా అలవాటు పడిపోయాయి. రోజూ చూసేదే కనుక తేడా తెలియలేదు.

ఇక స్ఫూర్తి లోపలి సంగతులు చూడటం మొదలుపెట్టింది. ఏయే ప్రోగ్రాములు పనిచేస్తున్నాయో చూపించే కిటికీ తెరవగానే డిస్కు వాడకం నూరు శాతం దగ్గర ఎర్రగా నిలబడి ఉంది. కంప్యూటర్ తెరుచుకోగానే తమంతట తామే లేచి కూర్చునే ప్రోగ్రాములు బోలెడు. వాటిలో యాంటీవైరస్‌లే రెండు.

"రెండెందుకు పెట్టిండ్రు?"

సూర్యప్రకాశరావు కుర్చీలో కాస్త సర్దుకున్నాడు. "ఒకటి వదిలేసింది రెండోది పట్టుకుంటుందని పెట్టానమ్మా. ఆ స్పీడ్ బూస్టర్లు కూడా నేనే పెట్టాను. ఫ్రీగా వచ్చాయి. రోజూ పొద్దున్నే నడిపిస్తున్నాను."

"అంకుల్, రెండు యాంటీవైరస్‌లుంటే ప్రతి ఫైలు ఇద్దరు చెక్ చేస్తరు. ఒకళ్ళ పనికి ఒకళ్ళు అడ్డం పడుతరు. బూస్టర్లయితే ఊకెనే ఎన్క కూసొని మెమరీ తింటయి. దాంతోనే ఇంకింత స్లో అయింది."

ఆయన ముఖం చిన్నబోయింది. నాగేశ్వరి నవ్వు ఆపుకుంది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు.

బూస్టర్లు పోయాయి. యాంటీవైరస్ ఒకటే మిగిలింది. అక్కర్లేకుండా మొదట్లోనే లేచేవాటిని స్ఫూర్తి ఆపేసింది. డిస్కులో ఖాళీ దాదాపు లేదు. ఇన్నేళ్ళలో రాసిన సినిమాల వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి. అవి తీసేయాలనగానే నాగేశ్వరి గాభరా పడింది.

"తీసేసుడు కాదు మేడం. ఇంకో డిస్కుల పెడదాం. ఎప్పుడు కావాల్నంటే అప్పుడు చూసుకోవచ్చు. సిస్టం పని చేసుకోవాల్నంటే దానికి జర జాగా ఉండాలె."

తర్వాత తీగలన్నీ తీసి, కంప్యూటర్ డబ్బాను బాల్కనీలోకి మోసుకెళ్ళి పక్క రేకు విప్పారు. ఫ్యాను రెక్కల మీద బూజులా బూడిదరంగు దుమ్ము గడ్డకట్టి ఉంది. వీధి చివర అపార్ట్‌మెంటు కోసం రోజూ బండ పగలగొడుతున్నారు, ఆ పొడి. నేల మీద ఉండే ఆ డబ్బా పక్కనే దేవుడి అర, అక్కడి అగరొత్తుల పొగ. రెండూ కలిసి గాలి ఆడే దారి మూసేశాయి. వేడెక్కినప్పుడు లోపలి చిప్పు కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుందని స్ఫూర్తి చెప్పింది. సూర్యప్రకాశరావు పెయింటింగ్ బ్రష్షు తెచ్చి, ఎవరూ అడగకుండానే రెక్క రెక్కా దులిపాడు. ఆ డబ్బా ఇకమీదట బల్ల మీద ఉండాలని ఆయనే తీర్మానించాడు.

చివరగా స్ఫూర్తి ఒక ఎస్‌ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు కావాలంది. పాత డిస్కు తిరిగి తిరిగి వెతికి ఇస్తుందనీ, ఇందులో తిరిగేదేమీ ఉండదు కాబట్టి అడగ్గానే ఇస్తుందనీ చెప్పింది. ఆయన చెక్‌పోస్ట్ దగ్గర మెట్రో ఎక్కి అమీర్‌పేట వెళ్ళి, ఆమె చెప్పినదే పట్టుకొచ్చాడు. వచ్చేసరికి నాగేశ్వరి పప్పుచారు, బెండకాయ వేపుడు చేసి ఉంచింది. పాత సినిమాలను పాతదానిలోనే ఉంచి, మిగతా సరుకంతా కొత్తదానిలోకి మారుతుండగా ముగ్గురూ భోజనాలు చేశారు.

మధ్యాహ్నం దాటాక మీట నొక్కారు. సూర్యప్రకాశరావు అలవాటు కొద్దీ కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చోబోయాడు. ఆయన కూర్చునేలోగానే తెర సిద్ధమైపోయింది.

నాగేశ్వరి తలుపు సీను పెట్టింది. చప్పుడూ తలుపూ కలిసి పడ్డాయి. వెంటనే ఆ తండ్రి డైలాగు తెరిచింది. అతని నోరు చూసింది. ఇప్పుడది సాగలేదు, చకచకా కదిలి టక్కున మూసుకుంది. ఆమె వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళాయి. పాత వాక్యాన్ని చెరిపేసింది. "నీ ఇష్టం, పొమ్మను" అని కొట్టింది. కొట్టిన అక్షరం కొట్టినట్టే పడింది. పెదవులు కలిసిన చోట మకారం పడి కూర్చుంది. వెంటనే తర్వాతి మాట తట్టింది, దాని వెనక ఇంకొకటి. పక్కన ఇద్దరు మనుషులున్నారన్న సంగతే మరిచిపోయింది.

స్ఫూర్తి చప్పుడు చెయ్యకుండా లేచి చెప్పులేసుకుంది. గుమ్మం దగ్గర సూర్యప్రకాశరావు ఆమె చేతులు రెండూ పట్టుకుని, ఏదో చెప్పబోయి, "మళ్ళీ రామ్మా, భోజనానికి," అని మాత్రం అన్నాడు.

సాయంత్రానికల్లా ఆ రీలు మొత్తం తిరగరాసి నాగేశ్వరి అరవింద్‌కు పంపింది. అతని దగ్గర్నుంచి వెంటనే ఫోను వచ్చింది.

"చూశాను మేడమ్. ఒక్క అక్షరం కదపక్కర్లేదు. మిగిలిన రీళ్ళు మీరే రాస్తున్నారు. పై నెల ఇంకోటి ఉంది, అదీ మీదే."

ఫోను పెట్టేసి ఆమె బాల్కనీలోకి వచ్చింది. సూర్యప్రకాశరావు అక్కడ ఆమె సినిమాలున్న పాత డిస్కుకు గుడ్డ చుడుతున్నాడు.

"మీకో సంగతి చెప్పాలండీ," అంది. "నేనూ మా అమ్మలాగే అయిపోతున్నాననుకున్నాను."

ఆయన తల ఎత్తలేదు. "నేనూ అలాగే అనుకున్నాను. నీతో చెప్పకుండా నరాల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు కూడా తీసుకున్నాను. ఇందాక నువ్వు రాసుకుంటుంటే ఫోన్ చేసి వద్దన్నాను."

ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఇద్దరూ చెరో మూల ఒకే భయాన్ని దాచుకుని తిరిగారన్నమాట. నాగేశ్వరి ఆయన పక్కన కూర్చుంది.

"వద్దనకుండా ఉండాల్సింది," అంది. "మిమ్మల్ని చూపించేవాళ్ళం. ఆ రెండు యాంటీవైరస్‌ల సంగతి డాక్టరు గారికి కూడా చెబుదును."

సూర్యప్రకాశరావు పెద్దగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె ఆయన చేతిలోని గుడ్డ తీసుకుని, ఆ డిస్కును తానే చుట్టడం మొదలుపెట్టింది.